గాజుతొట్టి అడుగున ఉన్న కథ



ఇవాళ చాలా ఇళ్ళలో ముందుగదిలో, షోకేసు పక్కనో కిటికీ కిందో, చేపల గాజుతొట్టి ఒకటి కనిపిస్తుంది. పిల్లలు ముచ్చటపడి అడుగుతారు, వాళ్ళ నాన్నగారు కొనితెస్తారు, నాలుగు రోజులు ఇంటిల్లిపాదీ దాని చుట్టూ మూగుతారు. అయిదో రోజునుంచి దాని ఆలనా పాలనా ఎవరి నెత్తిన పడుతుందో మీకు నేను వేరే చెప్పాలా? మేత వేసేది మనం, నీళ్ళు మార్చేది మనం, ఒక ఉదయం చేప వెల్లకిలా తేలితే ఏడ్చే పిల్లవాడిని సముదాయించేదీ మనమే.

అలా చేప చచ్చినప్పుడు మనం ఏమంటాం? "నీళ్ళు పడలేదు" అంటాం. "ఎవరి దిష్టో తగిలింది" అంటాం. అంగడివాడు రోగిష్టి చేపను అంటగట్టాడని తిట్టుకుంటాం. తొట్టి అడుగున పరిచిన రంగురాళ్ళనుగానీ, మధ్యలో ముచ్చటగా నిలబెట్టిన బొమ్మనుగానీ ఎవరమూ అనుమానించం. అవి అలంకారాలే కదా, వాటికీ చేప ప్రాణానికీ ఏమిటి సంబంధం అనుకుంటాం.

సంబంధం ఉంది. చాలా దగ్గర సంబంధం ఉంది. తొట్టి అడుగున ఉన్న ఇసుక చేపకు ముగ్గు కాదు, వంటిల్లు లాంటిది. ఇంటి ఆరోగ్యం వంటింటిమీద ఆధారపడినట్టు, ఆ తొట్టి ఆరోగ్యం దాని అడుగుమీద ఆధారపడి ఉంటుంది. ఈ చిన్న విషయం తెలుసుకోవడానికి మనుషులకు రెండువందల యేళ్ళకు పైగా పట్టింది. అందులో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళ శ్రమ కూడా ఉంది. ఆ కథే ఇవాళ మీతో చెప్పాలని.

చేపలను ముచ్చటకోసం పెంచడంలో మొదటి పేరు చైనావాళ్ళదే. వెయ్యేళ్ళ కిందట, సాంగ్ వంశపు రాజుల కాలంలోనే, బంగారురంగు చేపలను తోటల్లోని కొలనుల్లో పెంచేవారు. తరువాత మింగ్ వంశపు కాలానికి అవి కొలను విడిచి ఇంటి ముంగిట పింగాణీ తొట్లలోకి వచ్చాయి. 1596లో జాంగ్ చియాన్‌డె అనే ఆయన ఈ చేపల పెంపకం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. అయితే ఒక సంగతి గమనించండి. పింగాణీ తొట్టికి పక్కనుంచి చూసే వీలు లేదు. మనం గుడి కోనేటి మెట్లమీద కూర్చుని మరమరాలు వేస్తూ చేపలను ఎలా చూస్తామో, అలా పైనుంచి వంగి చూడాల్సిందే. అందుకే వాళ్ళు వీపు అందంగా, తోక విసనకర్రలా కనిపించే రకాలను ఏరి ఏరి పెంచారు. అడుగున ఏముందో చూసే పని ఎవరికీ పడలేదు.

ఇంగ్లండులో శామ్యూల్ పీప్స్ అనే దొర రోజూ దినచర్య రాసుకునేవాడు. 1665 మే 28న ఆయన, ఆయన భార్య ఒక పెద్దింటి ఆవిడను చూడబోతే, ఆవిడ వాళ్ళకు ఒక వింత చూపించింది. గాజుపాత్రలో నీళ్ళు, ఆ నీళ్ళలో ఏ దేశంనుంచో వచ్చిన అందమైన చేపలు. అవి అలాగే ఎల్లకాలం బతుకుతాయని పీప్స్ తన దినచర్యలో రాసుకున్నాడు. పాపం, ఆ మాట నమ్మినవాళ్ళు ఆ తరువాత చాలామందే ఉన్నారు. ఒట్టి గాజుబుడ్డి, అందులో ఒట్టి నీళ్ళు, రెండు చేపలు. నీళ్ళు మురిగినప్పుడల్లా పారబోసి కొత్తవి పోయడం, చేప చస్తే ఇంకొకటి తెచ్చుకోవడం. అదే పెంపకం అనుకున్నారు. నిజం చెప్పొద్దూ, ఇప్పటికీ అలా అనుకునే ఇళ్ళు లేకపోలేదు.

చేప నీళ్ళలో ఉండగా నీళ్ళు ఎందుకు పాడవుతాయి, ఎలా బాగవుతాయి అని పట్టుదలగా చూసినవాళ్ళు ఆ తరువాత వచ్చారు. వారిలో ముందు చెప్పుకోవలసింది ఒక కుట్టుపనిచేసే అమ్మాయిని గురించి.

ఆమె పేరు జీన్ విల్‌ప్రూ. 1794లో ఫ్రాన్సులో ఒక చిన్న ఊళ్ళో పుట్టింది. పద్ధెనిమిదేళ్ళ వయసులో బతుకుతెరువు కోసం పారిస్‌కు కాలినడకన వెళ్ళిందని చెబుతారు. అక్కడ బట్టలు కుట్టే దుకాణంలో చేరింది. 1816లో జరిగిన ఒక రాకుమారి పెళ్ళికి, పెళ్ళిగౌనుమీద బుటా పని చేసి పేరు తెచ్చుకుంది. 1818లో పవర్ అనే వర్తకుణ్ణి పెళ్ళాడి ఇటలీలోని సిసిలీ ద్వీపానికి, మెస్సీనా అనే సముద్రపు ఊరికి కాపురం వెళ్ళింది. పెద్ద చదువులేమీ లేవు. తనంత తానే ప్రకృతిశాస్త్రం నేర్చుకుంది.

ఆ సముద్రంలో ఆర్గొనాట్ అనే జీవి ఉండేది. ఆక్టోపస్ జాతిది. కాగితంలా పల్చని తెల్లటి గుల్లలో కాపురం ఉండేది. ఆ గుల్ల అది సొంతంగా కట్టుకున్నదా, లేక మరొక జీవి విడిచిన ఇంట్లో దూరిందా అని పెద్ద పెద్ద పండితులు వాదులాడుకుంటున్నారు. ఈమె వాదన పెట్టుకోలేదు. 1832లో గాజుతొట్లు చేయించి, సముద్రపు నీళ్ళు పోసి, ఆ జీవులను అందులో ఉంచి రోజులతరబడి చూసింది. గుల్లను కాస్త విరగ్గొట్టి చూస్తే అది తనే అతుకు వేసుకుంది. ఇల్లు దానిదే అని తేలిపోయింది. చిరుగు పడిన బట్టకు సొంత మనిషే మాసిక వేస్తుందని కుట్టుపని తెలిసిన ఆమెకు వేరే చెప్పాలా! 1858లో రిచర్డ్ ఓవెన్ అనే ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు ఈమెను గాజుతొట్ల విద్యకు తల్లి అన్నాడు. శుక్రగ్రహం మీది ఒక గుంటకు 1997లో ఈమె పేరు పెట్టారు.

రెండో ఆవిడ లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ ఆబే చర్చిలో పెద్దపదవిలో ఉన్న మతాచార్యుని భార్య, ఆనా థిన్. 1846లో ఆమె టార్కీ అనే సముద్రతీరానికి వెళ్ళినప్పుడు బతికి ఉన్న పగడపు జీవులను చూసి ముచ్చటపడింది. వాటిని లండన్‌దాకా ఎలా తేవడం? సూదీ దారమూ తీసి, వాటిని ఒక పెద్ద స్పాంజికి కుట్టి, జాడీలో సముద్రపు నీళ్ళు పోసి అందులో పెట్టి తెచ్చింది. తెచ్చాక అసలు చిక్కు మొదలైంది. లండన్‌లో సముద్రం లేదు కదా! నీళ్ళు మార్చడానికి సముద్రపు నీళ్ళు రావాలి. అవి తరిగిపోతుంటే ఏంచేశారంటే, తెరిచిన కిటికీ దగ్గర నిలబడి అరగంటసేపు, ముప్పావుగంటసేపు ఆ నీళ్ళనే ఒక పాత్రలోంచి మరొక పాత్రలోకి ఎత్తి పోశారు. మనం కాఫీ చల్లార్చడానికి తిరగబోస్తామే, అలా. నీటికి గాలి తగలాలని. ఈ పని చేసింది ఎవరనుకున్నారు? ఆ ఇంటి పనిమనిషి. ఆమె పేరు ఎవరూ రాసిపెట్టలేదు. ఇవాళ మన తొట్లలో బుడబుడమని తిరిగే గాలిపంపు చేసే పని ఆనాడు ఆ పేరు తెలియని మనిషి చేతులు చేశాయి.

మరుసటి ఏడాది, 1847లో, ఆనా థిన్ ఒక మంచి ఉపాయం పట్టింది. సముద్రంలో నీటిని ఎవరు తిరగబోస్తున్నారు? అక్కడ నాచు ఉంది, ఆ నాచుకు ఆధారంగా రాళ్ళున్నాయి. అందుకని బతికి ఉన్న నాచును, దానితోపాటు రాతిముక్కలను తెప్పించి తన పాత్రల్లో వేసింది. చూసేవాళ్ళకు అది అలంకరణలాగే ఉండి ఉంటుంది. కాని ఆ పచ్చటి నాచు ప్రాణవాయువు ఇచ్చింది. పగడపు జీవులు ఇంచుమించు మూడేళ్ళు ఆమె ఇంట్లో బతికాయి. తొట్టిలో పెట్టే వస్తువు అందానికి మాత్రమే కాదని తెలిసిన తొలి ఇళ్ళలో అది ఒకటి.

ఇక ఇసుక సంగతికి వద్దాం. లండన్‌లోనే రాబర్ట్ వారింగ్‌టన్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు ఉండేవాడు. మందులు తయారుచేసే ఒక సంఘంలో ఉద్యోగం. ఆయన 1849లో 12 గ్యాలన్ల గాజుపాత్ర తీసుకుని, అడుగున ఇసుక, కాస్త ఒండ్రుమట్టి వేసి, చేపలు కావాలనుకుంటే దాక్కోవడానికి కొన్ని రాళ్ళు పేర్చి, మంచినీళ్ళు పోశాడు. ఆ ఇసుకలో వాలిస్నేరియా అనే నీటిమొక్క నాటాడు. పచ్చటి రిబ్బను ముక్కల్లా పొడుగాటి ఆకులుండే ఈ మొక్క మన చెరువుల్లోనూ పెరుగుతుంది. రెండు చిన్న బంగారు చేపలను వదిలాడు.

కొన్నాళ్ళు బాగానే ఉంది. తరువాత రాలిన ఆకులు కుళ్ళి, గాజుకు ఆకుపచ్చ పాచి పట్టి, నీళ్ళు కలకబారాయి. మనమైతే ఏంచేస్తాం? మొత్తం పారబోసి, తోమి, మళ్ళీ మొదలుపెడతాం. ఆయన పారబోయలేదు. చెరువులో ఈ పని ఎవరు చేస్తున్నారా అని ఆలోచించి, కొన్ని నత్తలను తెచ్చి వేశాడు. అవి కుళ్ళిన ఆకులనూ పాచినీ తినేశాయి. నీళ్ళు తేటబడ్డాయి. నత్తల గుడ్లు చేపలకు మేత అయ్యాయి. చేప విడిచిన గాలి మొక్కకు, మొక్క విడిచిన గాలి చేపకు, ఇద్దరి మురికీ నత్తకు. అత్తా కోడలూ ఆడబిడ్డా సఖ్యంగా ఉన్న ఇల్లులాగా, నీళ్ళు మార్చకుండానే ఆ తొట్టి నెలలతరబడి సాగింది. 1850లో ఆయన ఆ సంగతి ప్రచురించాడు. ఇంటి గాజుతొట్టికి శాస్త్రం అక్కడ మొదలైందని చెప్పవచ్చు.

ఆ తరువాత ఇంగ్లండులో చేపలతొట్టి పిచ్చి పట్టింది. పిచ్చి అంటే నిజంగా పిచ్చే. గాజు మీద ఉన్న పన్నును 1845లో తీసేశారు, దానితో గాజు చవక అయింది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. దానికి తోడ్పడిన ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో "ది అక్వేరియం" అనే పుస్తకం రాశాడు. అప్పటినుంచి అక్వేరియం అన్న మాట అందరి నోళ్ళలో నానింది. ముందుగదిలో తొట్టి లేకపోతే అది మర్యాదస్తుల ఇల్లు కాదన్నట్టు తయారైంది.

అక్కడే అలంకారాల గొడవ మొదలైంది. తొట్టిలో సిమెంటుతో కృత్రిమమైన కొండలు కట్టారు. సిమెంటులోని సున్నం నీటిలోకి దిగి చేపలను చంపేది. వారాలతరబడి నీళ్ళు మార్చి మార్చి నానబెడితేగాని ఆ కొండ పనికొచ్చేది కాదు. గాజుపలకలను బిగించడానికి వాడిన ఆనాటి పుట్టీలో సీసం ఉండేది. సీసం విషమని మీకు తెలుసు. ఇక గవ్వలు, రాళ్ళు, రంగురంగుల సముద్రపుపూలు కావాలని జనం బుట్టలు పట్టుకుని సముద్రపు ఒడ్డుకు ఎగబడ్డారు. రాతిగుంటల్లో దొరికినదల్లా ఊడబెరికి తెచ్చుకున్నారు. తెచ్చుకున్నవాటిలో చాలాభాగం నాలుగు రోజుల్లో చచ్చి కంపుకొట్టింది. గాస్ కొడుకు ఎడ్మండ్ గాస్ 1907లో తన తండ్రిని గురించి రాసిన పుస్తకంలో ఎంతో బాధపడ్డాడు. తన చిన్నతనంలో పూలతోటల్లా ఉన్న ఆ తీరపు గుంటలు, తండ్రి రాసిన పుస్తకాలు చదివి వచ్చిన జనం చేతుల్లో నాశనమయ్యాయని. ముచ్చటపడి రాసిన రాతే ముచ్చటైనదాన్ని తుడిచిపెట్టింది. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఇన్ని జరిగినా ఒక చిక్కుముడి మాత్రం విడలేదు. కొత్తగా పెట్టిన తొట్టిలో, అద్దంలాంటి నీళ్ళలో, మొదటి రెండు మూడు వారాల్లోనే చేపలు చస్తాయి. పాతబడిన తొట్టిలో, అంత తేటగా లేని నీళ్ళలో, చేపలు హాయిగా తిరుగుతాయి. ఎందుకని?

సమాధానం చేపలతొట్టిలోంచి రాలేదు, మురికినీటిలోంచి వచ్చింది. 1877లో ఫ్రాన్సులో ష్లోజింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక పొడుగాటి గొట్టంలో ఇసుక, సున్నపురాయి పొడి నింపి, పైనుంచి పట్టణపు మురుగునీటిని బొట్టుబొట్టుగా పోశారు. ఇరవై రోజులదాకా ఏమీ కాలేదు. పోసిన అమ్మోనియా పోసినట్టే కిందినుంచి వచ్చింది. ఆ తరువాత అమ్మోనియా మాయమై, నైట్రేటు అనే లవణం రాసాగింది. గొట్టంలోకి క్లోరోఫారం ఆవిరి పట్టించారు. వెంటనే పని ఆగిపోయింది. క్లోరోఫారం మత్తు ఇసుకకు ఎక్కదు గదా! అంటే ఇసుకలో ప్రాణమున్నదేదో ఉంది. కాస్త మట్టి కలిపిన నీళ్ళు పోశాక మళ్ళీ పని సాగింది. ఇసుక రేణువుల మీద కంటికి కనిపించని సూక్ష్మజీవులు కాపురం పెట్టి, మురికిని శుభ్రం చేస్తున్నాయన్నమాట.

ఇక్కడ కథలో ఒక చక్కని మలుపు ఉంది. ఈ పని ఒక అంచెలో కాదు, రెండు అంచెల్లో జరుగుతుందని, ఒక రకం జీవి అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంటే మరొకటి ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుందని చూపించినవాడు ఎవరో తెలుసా? రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనశాలలో పనిచేసిన రాబర్ట్ వారింగ్‌టన్. తొట్టిలో ఇసుక పోసిన వారింగ్‌టన్ కొడుకు! తండ్రీకొడుకులది ఒకే పేరు. తండ్రి ఇసుక పరిచి మొక్క నాటాడు. అలాంటి నేలలో దాగిన పనివాళ్ళ గుట్టు కొడుకు పట్టుకున్నాడు. ఆ జీవులను విడదీసి చూపే భాగ్యం మాత్రం 1890లో రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీకి దక్కింది. కథ అక్కడితో ముగియలేదు. ఆ రెండు పనులూ ఒక్కతే చేసుకునే జీవి కూడా ఉందని 2015లో బయటపడింది. అది దొరికిన చోట్లలో ఒకటి చేపల పెంపకపు నీటిని వడగట్టే తొట్టి!

ఇప్పుడు మన తొట్టి దగ్గరికి వద్దాం. చేప ఊపిరితోపాటు మొప్పల్లోంచి అమ్మోనియా విడుస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అదే వస్తుంది. అది చేపకు విషం. మొదటి అంచెలో పుట్టే నైట్రైటు కూడా విషమే. రెండో అంచె దాటి నైట్రేటు అయ్యాకనే చేపకు కాస్త నిశ్చింత. దాన్ని మొక్కలు తింటాయి, మిగిలినది మనం నీళ్ళు మార్చినప్పుడు పోతుంది. ఈ పనివాళ్ళందరూ ఉండేది ఎక్కడ? ఎక్కువమంది ఇసుకమీద, రాళ్ళమీద, ఫిల్టరు స్పాంజిలో. నీటిలో తేలేవి చాలా తక్కువ.

అందుకే సంక్రాంతికి ఇల్లు కడిగినట్టు, ప్రతి ఆదివారం తొట్టి బోర్లించి, ఇసుకను కుళాయి కింద తళతళలాడేలా కడిగితే చేపలు చస్తాయి. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ ఆ పనివాళ్ళను చంపేస్తుంది. శుభ్రం చేశామని మనం అనుకుంటాం, పనిమనుషులందరినీ ఒక్కరోజున మానిపించామని చేపకు తెలుస్తుంది. మన శుభ్రమే దానికి చేటు. కావలసిందల్లా వారానికో పదిరోజులకో నాలుగోవంతు నీళ్ళు గొట్టంతో లాగి, అడుగున పేరుకున్న మురికి దానితోపాటు పోనిచ్చి, ఒకరోజు బకెట్టులో నిలవ ఉంచిన నీళ్ళు పోయడం. ఇసుక మరీ మురికిగా ఉంటే, కొంచెం తీసి, తొట్టిలోంచి తీసిన పాతనీళ్ళలోనే జాడించాలి.

కొత్త తొట్టి పెట్టేవాళ్ళు ఇంకొక కిటుకు చెయ్యవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టిలోంచి గుప్పెడు ఇసుక తెచ్చి మీ ఇసుకలో కలపండి. పాలకు తోడు పెట్టడమే ఇది! అయినా పెరుగు ఒక్క రాత్రిలో తోడుకుంటుంది, తొట్టి తోడుకోవడానికి నాలుగు వారాలదాకా పడుతుంది. అందాకా ఒకటి రెండు చేపలే చాలు, మేత చిటికెడు చాలు.

మన దేశానికి ఈ విద్య ఎప్పుడు వచ్చిందంటారా? మద్రాసు మెరీనా తీరాన 1909లో అక్వేరియం తెరిచారు. అప్పటికి కోస్తా, రాయలసీమ ప్రాంతాలు మద్రాసు రాజధానిలోనివే, మనవాళ్ళు మద్రాసు వెళితే చూడవలసిన వింతల్లో అదొకటి. బొంబాయిలో తారాపూర్‌వాలా అక్వేరియాన్ని 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. తరువాత తరువాత తొట్టి మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చింది. ఇనుపచట్రం, పుట్టీ పెట్టిన తొట్లు పోయి, 1960ల తరువాత క్రమంగా సిలికోన్ జిగురుతో అతికిన ఒట్టి గాజుతొట్లు వచ్చాయి. చట్రం తుప్పు బాధ, పుట్టీ బాధ తీరింది. కాని అలంకారాల బాధ అలాగే ఉంది. అంగట్లో ఎరుపు, నీలం, గులాబీరంగు రాళ్ళు, ప్లాస్టిక్ కోటలు, బుడగలు వదిలే ఈతగాడి బొమ్మలు. వాటిలో ఏది మంచిదో ఎంచుకోవడానికి ఇంత చరిత్రా మనకు పనికొస్తుంది.

ముందు ఇసుక. రంగు వెయ్యనిది, నదిలో నునుపుదేలినది మంచిది. గింజ సగ్గుబియ్యమంతో జొన్నగింజంతో ఉంటే సరి. మరీ పెద్ద రాళ్ళయితే, గోళీకాయలయితే, సందుల్లో మేత ఇరుక్కుని కుళ్ళుతుంది. మరీ మెత్తని ఇసుక మందంగా పోస్తే గాలాడక నల్లబడి, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. రెండంగుళాల మందం చాలు. గోల్డ్‌ఫిష్‌కు అడుగున రాళ్ళు నోట్లోకి తీసుకుని ఉమ్మే అలవాటుంది. సరిగ్గా దాని నోరంత రాయి ఉంటే గొంతులో అడ్డం పడుతుంది. అందుకని నోటికన్నా బాగా చిన్నవి ఉండాలి, లేదా బాగా పెద్దవి ఉండాలి. ఇల్లు కట్టే ఇసుక తెస్తే మట్టి పోయి తేటనీళ్ళు వచ్చేదాకా పది పదిహేనుసార్లు కడగండి. బియ్యం కడిగినట్టే. సబ్బు, సోడా మాత్రం తగలనీయకండి. సముద్రపు ఇసుక మంచినీటి తొట్టికి పనికిరాదు. ఉప్పు కడిగితే పోతుంది కాని అందులోని గవ్వపొడి పోదు.

గవ్వపొడి ఉంటే ఏమవుతుంది? ఇక్కడ మీకు తెలిసిన సంగతే చెబుతాను. వంటింట్లో కడప బండమీద నిమ్మరసం పడితే తెల్లమచ్చ పడుతుంది కదూ? చలవరాతి గచ్చుమీద చింతపండు పులుసు ఒలికితే ఎంత రుద్దినా మెరుపు రాదు కదూ? ఎందుకంటే కడప రాయి, తాండూరు బండ, షాబాదు బండ, చలవరాయి, అన్నీ సున్నపు జాతివే. పులుపు తగిలితే కరుగుతాయి. గవ్వలు, శంఖాలు, పగడం కూడా అంతే. అవి తొట్టిలో ఉంటే నెమ్మదిగా నీటిలోకి సున్నం వదులుతూ నీటిని కఠినంగా, క్షారంగా మారుస్తాయి. మెత్తని నీటికి అలవాటుపడిన చేపలకు అది పడదు. అంతేకాదు, నీరు క్షారమయిన కొద్దీ అమ్మోనియా విషం మరింత తీక్షణమవుతుంది.

కాబట్టి ఏ రాయి తెచ్చినా కడిగి ఆరబెట్టి, ఒక మూల నాలుగు చుక్కలు నిమ్మరసమో వెనిగరో వెయ్యండి. బుసబుస పొంగినా, సన్నని బుడగలు వచ్చినా ఆ రాయి వద్దు. నల్లరాయి, గ్రానైటు, నునుపైన గులకరాళ్ళు చాలావరకు ఈ పరీక్షలో నెగ్గుతాయి. రాళ్ళను నీళ్ళలో వేసి మరిగించకండి. లోపల తడి ఉంటే పగిలి మీదికి చిందే ప్రమాదం ఉంది. బ్రష్షుతో రుద్ది, వేడినీళ్ళు పోసి కడిగితే చాలు.

తరువాత బొమ్మలు. ఇత్తడి కృష్ణుడు, రాగి చెంబు తొట్టిలో ఎంత అందంగా ఉన్నా పెట్టకండి. రాగి కొద్దికొద్దిగా నీటిలో దిగుతుంది, చేపకూ నత్తకూ అది విషం. ఇత్తడిలోనూ ఉండేది రాగే. కొండపల్లి బొమ్మ షోకేసులోనే ఉండాలి. దాని చెక్కా దాని రంగూ నీటికోసం చేసినవి కావు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ నీటిలో మెత్తబడి కరుగుతుంది. రంగు వేసిన బొమ్మను ముందు రెండు మూడు రోజులు తెల్లటి గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టండి. నీళ్ళకు రంగు వచ్చినా, వాసన వచ్చినా, పెచ్చు లేచినా వద్దనుకోండి. పగిలిన గాజులు, మొనదేలిన రాళ్ళు వద్దు. అడుగున తిరిగే చేపల మీసాలు, రెక్కలు చీరుకుపోతాయి. కోటకు కిటికీలుంటే చేప దూరి తిరిగి రాగలదా లేదా చూడండి. దూరే వీలుండి వచ్చే వీలు లేనిది బొమ్మ కాదు, బోను.

మరి ఏం పెట్టాలంటారా? బాగా కాలిన, రంగు వెయ్యని మట్టిముంత ఒకటి పక్కకు ఒరగబెట్టండి. దానికన్నా మంచి ఇల్లు చేపకు లేదు. బాగా ఎండి చేవదేలిన మోడు ముక్క దొరికితే, మూడు నాలుగుసార్లు మరగబెట్టి పెట్టవచ్చు. నీళ్ళు కొన్నాళ్ళు పల్చని తేనీటి రంగుకు వస్తాయి, దానివల్ల కీడు లేదు. వాలిస్నేరియా లాంటి మొక్కలు రెండు నాటితే ఇంకేం కావాలి!

ఇందాక గుర్తుంచుకోమన్న మాటకు వస్తున్నాను. ఒకప్పుడు మన షోకేసుల్లో, తొట్లలో తెల్లటి పగడపు కొమ్మ ఒక హోదా. అది రాయి కాదు, వేలాది చిన్న జీవులు కలిసి ఎన్నో యేళ్ళు కట్టిన ఇల్లు. ఆ జీవులు చస్తేగాని అంత తెల్లగా మన ఇంటికి రాదు. మన దేశంలో 2001లో పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మొదటి పట్టికలో చేర్చారు. పులికి ఉన్న రక్షణే పగడానికీ. కొన్ని రకాల శంఖాలను, గుల్లలను కూడా చట్టం కాపాడుతోంది. కనుక ఎవరైనా పగడపు కొమ్మ చవకగా ఇస్తామంటే వద్దనండి. మంచినీటి చేపకు అది ఎలాగూ పడదు, కొనడం చట్టానికీ విరుద్ధం. ఇంగ్లండు తీరపు గుంటలకు పట్టిన గతి మన మన్నారు సింధుశాఖకు, అండమాన్ తీరాలకు పట్టకూడదంటే, అంగట్లో మనం అనే ఆ "వద్దు" కూడా ఎంతో కొంత పని చేస్తుంది.

చెప్పవచ్చేదేమిటంటే, తొట్టి అలంకరించేటప్పుడు ముందుగదిలో కూర్చుని చూసే చుట్టాల కళ్ళతో కాకుండా, లోపల తిరిగే చేప కళ్ళతో ఒక్కసారి చూడండి. దానికి గులాబీరంగు రాయి అక్కరలేదు. మొప్పలను మండించని నీళ్ళు, రెక్క చీరని నేల, భయమేసినప్పుడు దూరడానికి ఒక నీడ, ఆ ఇసుకలో కాపురముండే కనిపించని పనివాళ్ళు, ఇవి చాలు. కిటికీ దగ్గర నిలబడి నీళ్ళు తిరగబోసిన ఆ పేరు తెలియని పనిమనిషి మొదలు ఎందరో చేతులారా నేర్చుకున్న విద్య ఇది. దాన్ని మనం ఖర్చు లేకుండా వాడుకోవచ్చు.

మీ పిల్లలకు కూడా ఈ కథ చెప్పండి. ఒక నిమ్మచెక్క, నాలుగు రకాల రాళ్ళు వాళ్ళ చేతికిచ్చి ఏది పొంగుతుందో చూడమనండి. సెలవురోజు మధ్యాహ్నం వాళ్ళకూ కాలక్షేపం, మీకూ కాసేపు విశ్రాంతి.